తుపాకిమందు నుంచి తీర్థం జువ్వల దాకా: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

దీపావళి ముందు ఒకసారి, సంక్రాంతి తీర్థాల (ఊరి జాతరల) ముందు మరోసారి ఇవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. అడిగేవారిలో బడిపిల్లలు ఉంటారు, తీర్థం కమిటీ పెద్దలు ఉంటారు, సొంత ఊరి చరిత్ర రాసుకునేవారు ఉంటారు. ప్రశ్నలను వారి మాటల్లోనే ఉంచాను. ఏ జవాబు దానికదే చదువుకోవచ్చు. ఇంట్లో తయారు చేసుకునే పద్ధతులను మాత్రం ఇక్కడ వెతకవద్దు.

## అసలు పదార్థం గురించి

తుపాకిమందులో ఏమేం ఉంటాయి? అది గాలి లేకుండా ఎలా మండుతుంది?

సురేకారం (పొటాషియం నైట్రేట్), గంధకం, బొగ్గు. అంతే. పాళ్లలో సింహభాగం సురేకారానిది. బొగ్గు మండే వస్తువు. గంధకం కూడా మండుతూ, తక్కువ వేడికే నిప్పు అంటుకునేలా చేస్తుంది. మంటకు కావలసిన ఆక్సిజన్ సురేకారంలోనే ఉంది. అందుకే బిగించి మూసిన గొట్టంలో సైతం ఇది మండుతుంది, రెప్పపాటులో బోలెడంత వాయువు పుట్టిస్తుంది. గొట్టం ఒక కొస తెరిచి ఉంటే జువ్వ ఎగురుతుంది. అన్ని వైపులా మూసేస్తే టపాకాయ పేలుతుంది. తెరిచిన కొసలో గుండు అడ్డం పెడితే అదే తుపాకి. వాడకాలు ఎన్ని ఉన్నా లోపలి పని ఒక్కటే.

సురేకారాన్ని గనుల్లో తవ్వేవారా?

మన దేశంలో దాన్ని ఎక్కువగా మట్టి నుంచే తీసేవారు. పశువుల మూత్రం, పేడ, కుళ్లిన చెత్తలోని నత్రజనిని నేలలోని సూక్ష్మజీవులు నైట్రేట్లుగా మారుస్తాయి. వానలు వెళ్లి ఎండలు ముదిరాక ఆ లవణం తేమతో పాటు పైకి వచ్చి, పాత పశువుల పాకల్లో, మట్టిగోడల మొదళ్లలో, పాడుబడ్డ ఊరి దిబ్బల మీద తెల్లగా పూస్తుంది. ఆ మట్టిని గీకి, నీళ్లలో నానబెట్టి, తేట దించి, కాచి, చల్లార్చితే సూదుల్లాంటి పలుకులు కడతాయి. పెట్లుప్పు అన్నా ఇదే. ఉప్పుమట్టితో పనిచేసే ఉప్పరుల వృత్తుల్లో ఇదొకటి. బీహారులో నూనియాలు ఇదే పని చేసేవారు.

నైట్రేట్ నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది కాబట్టి పొడినేలలే దీనికి అనుకూలం. ఏటా నీట మునిగే వరిచేలు కావు.

బాణసంచాకు జిల్లేడు బొగ్గే మంచిదని పెద్దలు ఎందుకంటారు?

మెత్తని, తేలికైన కర్ర బొగ్గు త్వరగా అంటుకుంటుంది, త్వరగా మండుతుంది. గట్టి కర్ర బొగ్గు నిదానంగా కాలుతుంది. యూరప్‌లో ఇదే కారణంతో విల్లో కర్రను ఎంచుకున్నారు. సంస్కృతంలోని శుక్రనీతి కూడా తుపాకిమందుకు జిల్లేడు, జెముడు బొగ్గును చెప్పింది. కోనసీమలో కొబ్బరిచిప్పల బొగ్గుకు కొదవ లేకపోయినా అది గట్టి రకం. కంసాలి కొలిమికి బాగుంటుంది, జువ్వకు కాదు.

దీపావళి మర్నాడు ఊరంతా వచ్చే ఆ వాసన దేనిది?

తుపాకిమందు మండినప్పుడు అంతా వాయువైపోదు. సగానికి పైగా పొటాషియం కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్ వంటి ఘన పదార్థాలుగా మిగులుతుంది. గాలిలో తేలే ఆ రేణువులే తెల్లని పొగ. తెల్లవారాక మంచుకు తడిసిన సల్ఫైడ్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది, మురిగిన గుడ్డు వాసన దానిదే. పాత తుపాకుల గొట్టాలు త్వరగా తుప్పు పట్టడానికీ ఆ మసే కారణం. ఒక్క వరస కాల్పులకే యుద్ధభూమి కనిపించకుండా పోయేది. 1884లో ఫ్రాన్సుకు చెందిన పాల్ వియేయ్ పొగ తక్కువగా వచ్చే మందును తయారు చేశాక, సైన్యాలు పాతమందును ఒక్కొక్కటిగా వదిలేశాయి.

## పుట్టుక, ప్రయాణం

చైనావారు దీన్ని పండగల కోసమే కనిపెట్టారనీ, యుద్ధాలకు వాడింది యూరోపియన్లేననీ అంటారు. నిజమేనా?

కాదు. చాలాకాలంగా చెలామణీలో ఉన్న అపోహ ఇది. 9వ శతాబ్దంలో తావో మతానికి చెందిన రసవాదులు మరణం లేని ఆయుష్షు కోసం లవణాలు, ఖనిజాలు కలుపుతూ ఈ మిశ్రమాన్ని పట్టుకున్నారు. గంధకం, సురేకారం, తేనె వంటివి కలిపి వేడిచేసిన కొందరికి చేతులు, ముఖం కాలాయనీ, ఇల్లే తగలబడిందనీ నాటి గ్రంథమొకటి హెచ్చరించింది. తర్వాతి శతాబ్దానికే అది యుద్ధంలోకి వచ్చింది. గొట్టం మూతి నుంచి మంట చిమ్మే అగ్నిబల్లెం చిత్రం చైనాలోని డున్‌హువాంగ్‌లో దొరికిన 10వ శతాబ్దపు పట్టుగుడ్డ మీద ఉంది. 1044లో సోంగ్ రాజుల కోసం కూర్చిన వూజింగ్ జొంగ్యావ్ అనే యుద్ధ గ్రంథంలో మందు పాళ్లు రాసి పెట్టారు. 13వ శతాబ్దం చివరికల్లా అక్కడ లోహపు చేతి ఫిరంగులు ఉన్నాయి. పండగ, యుద్ధం రెండూ పక్కపక్కనే నడిచాయి.

అక్కడి నుంచి మిగతా ప్రపంచానికి ఎలా చేరింది?

మంగోలుల దండయాత్రలు, వర్తకులు, పనివారి వలసల వల్ల. 13వ శతాబ్దపు అరబ్బు రచయిత హసన్ అల్ రమ్మా తన గ్రంథంలో అనేక మిశ్రమాలు రాశాడు. అరబ్బులు సురేకారాన్ని చైనా మంచు అని, పారశీకులు చైనా ఉప్పు అని పిలిచారు. ఎక్కడి నుంచి అందుకున్నారో వాళ్లే చెప్పినట్టు. ఇంగ్లండులో రోజర్ బేకన్ 1267 నాటికే చిన్న టపాకాయ గురించి రాశాడు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడలు టర్కుల ఫిరంగుల ముందు నిలవలేకపోయాయి.

మన పురాణాల్లో ఆగ్నేయాస్త్రం, శతఘ్ని ఉన్నాయి కదా. అవి తుపాకిమందుతో పనిచేసేవా?

ఈ ప్రశ్న వెనుక ఉన్న గౌరవం నాకు తెలుసు. అయినా జవాబు సూటిగానే చెప్పాలి. తుపాకిమందు అనడానికి సురేకారం ప్రస్తావన కావాలి, దాన్ని శుద్ధి చేసిన ఆనవాలు కావాలి. అర్థశాస్త్రంలో శత్రువుల కోటకు నిప్పు పెట్టే లేపనాలు, పొడులు ఉన్నాయి. అవి అంటుకునేవే కానీ పేలేవి కావు. మూడు దినుసులనూ, గొట్టపు ఆయుధాన్నీ స్పష్టంగా చెప్పేది శుక్రనీతి. దాన్ని ఆధారం చేసుకుని 1880లో గుస్తవ్ ఒపెర్ట్ అనే జర్మన్ సంస్కృత పండితుడు ప్రాచీన భారతంలోనే తుపాకులు ఉండేవని వాదించాడు. కానీ ఆ భాగాలు చాలా ఆలస్యంగా, తుపాకులు వచ్చిన తర్వాతే రాసినవని ఎక్కువమంది పండితుల నిర్ణయం. పురాణ అస్త్రాల గొప్పతనం కావ్యంలో ఉంది. వాటికి రసాయన శాస్త్రం సాక్ష్యం అక్కర్లేదు.

## తెలుగు నేలకు రాక

తెలుగువారు మొదట చూసింది తుపాకినా, బాణసంచానా?

దక్షిణాదిలో చేతికందే తొలి సాక్ష్యాల్లో ఒకటి బాణసంచాదే. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, రెండో దేవరాయల మహానవమి ఉత్సవంలో రకరకాల బాణసంచా కాల్చారని రాశాడు. 1472లో బెళగావి ముట్టడిలో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ గోడల కింద మందుపాతరలు పెట్టించాడు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను పట్టినప్పుడు పోర్చుగీసు తుపాకివాళ్లు గోడల మీది రక్షకులను కాల్చి దింపారు.

గజపతి రాజొకరు బాణసంచా గురించి పుస్తకం రాశారని విన్నాం. గోదావరికి దానితో సంబంధం ఉందా?

నిజమే. ఈ సంగతి మన ప్రాంతంలో ఇంకా ఎక్కువమందికి తెలియాలని నా కోరిక. 1497లో ఒడిశా సింహాసనం ఎక్కిన ప్రతాపరుద్ర గజపతి పేరుతో కౌతుకచింతామణి అనే సంస్కృత గ్రంథం ఉంది. రాజమహేంద్రవరం, ఈ డెల్టా ఆయన ఏలుబడిలోనివే. కృష్ణదేవరాయల దండయాత్ర వచ్చిందీ ఆయన మీదికే. వినోదాలు, వింతలు చెప్పే ఆ గ్రంథంలో బాణసంచా రకాలు ఉన్నాయి. కల్పవృక్షబాణం, చామరబాణం, చంద్రజ్యోతి, చంపాబాణం, పుష్పవర్తి, ఛుఛుందరీ రసబాణం, తీక్ష్ణనాళం, పుష్పబాణం. సురేకారం, గంధకం, రకరకాల బొగ్గులు, ఇనుపపొడి, వెదురు గొట్టాలు వాటి సరంజామా. భారతీయ బాణసంచా చరిత్రను తవ్వి తీసిన పి.కె. గోడే ఈ పట్టికను వెలుగులోకి తెచ్చాడు.

ఆ పేర్లను ఒకసారి పైకి చదివి చూడండి. చంద్రజ్యోతి మన మతాబు లాంటి తెల్లని వెలుగు అనుకోవచ్చు. ఛుఛుందరి అంటే చుంచెలుక, కాబట్టి అది నేల మీద అడ్డదిడ్డంగా పరుగెత్తే సిసింద్రీకి పూర్వీకురాలు కాబోలు. ఇది నా ఊహే. కానీ 500 ఏళ్ల కిందట ఈ నేలను ఏలిన రాజు ఆస్థానంలో నిప్పుకు పువ్వుల పేర్లు పెట్టి ఆనందించారన్నది ఊహ కాదు.

గోల్కొండ కోట కింద మందుపాతరలు పేల్చారట. మరి గోడ ఎందుకు పడలేదు?

1687లో ఔరంగజేబు సైన్యం బురుజు దాకా సొరంగాలు తవ్వి మందు నింపింది. కోటలోని వారు లోపలి నుంచి ఎదురు తవ్వి, కొంత మందు తీసేసి, మిగతా చోట నీళ్లు పోశారు. నిప్పు పెట్టగానే పేలుడు బయటికి తన్ని మొగలు సైనికులనే చంపింది. చివరికి లోపలి మనిషి తలుపు తీస్తే కోట పడింది. అప్పటిదాకా గోదావరి డెల్టా గోల్కొండ ఏలుబడిలోనిదే.

టిప్పు సుల్తాన్ రాకెట్లూ, మన తీర్థాల్లో ఎగిరే జువ్వలూ ఒకటేనా?

సూత్రం ఒకటే. వెనక్కి వాయువు చిమ్ముతుంటే గొట్టం ముందుకు పోతుంది, కట్టిన వెదురుబద్ద దారి తప్పకుండా చూస్తుంది. తేడా గొట్టంలో ఉంది. జువ్వకు కాగితమో వెదురో చాలు. హైదర్ అలీ, టిప్పు ఇనుప గొట్టం వాడారు. ఇనుము ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది, కాబట్టి మందు గట్టిగా దట్టించవచ్చు, రాకెట్ కిలోమీటరుకు పైగా పోతుంది. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పుల చేతిలో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఘోరంగా ఓడిపోయింది, రాకెట్లు తగిలి వారి మందుబండ్లు పేలిపోవడం అందుకు ఒక కారణమని చెబుతారు. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఆ రాకెట్లు ఇంగ్లండు చేరాయి. వాటిని చూసే విలియం కాంగ్రీవ్ తన రాకెట్లను తయారు చేశాడు.

## గోదావరి తీరాన

నరసాపురం, పాలకొల్లు, యానాం వైపు తెల్లదొరలు వచ్చింది బట్టల కోసమా, మందు కోసమా?

బట్టల కోసమే. ఓలందులు (డచ్చివారు) పాలకొల్లులో, ఇంగ్లీషువారు నరసాపురం పక్కన మాధవాయపాలెంలో, ఫ్రెంచివారు యానాంలో స్థావరాలు పెట్టింది నేతబట్టలు చూసే. అయితే వారి ఓడలన్నిటికీ ఫిరంగులు ఉండేవి, ఫిరంగులకు మందు కావాలి. సురేకారం కూడా సరుకే. ఓలందులు, ఇంగ్లీషువారు మొదట కోరమాండల్ తీరంలో కొన్నా, తర్వాత బీహారు మీద ఆధారపడ్డారు. ఓడ అడుగున బరువు కోసం సురేకారం బస్తాలు వేసి, పైన బట్టల మూటలు పేర్చేవారు. ప్లాసీ తర్వాత బీహారు సురేకారం మీద ఇంగ్లీషువారి పట్టు బిగిసి, మిగతా దేశాలకు మందు కరవు తెచ్చింది.

డెల్టా తెల్లదొరల చేతికి ఏ యుద్ధంతో పోయింది?

1753లో ఫ్రెంచి సేనాని బుస్సీ నిజాము నుంచి ఉత్తర సర్కారులు (ఉత్తర కోస్తా జిల్లాలు) సంపాదించడంతో ఈ ప్రాంతం ఫ్రెంచివారి కిందికి వచ్చింది. 1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గర్లోని చందుర్తి వద్ద ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు ఒక వైపు, కాన్‌ఫ్లాన్ నాయకత్వంలో ఫ్రెంచివారు మరో వైపు తలపడ్డారు. ఫ్రెంచివారు ఓడి రాజమండ్రి వైపు పారిపోయారు. రాజమండ్రి, నరసాపురం ఒకదాని వెంట ఒకటి ఫోర్డ్ చేతికి వచ్చాయి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. బడిపుస్తకాల్లో ప్లాసీకి ఉన్నంత చోటు చందుర్తికి లేదు, ఉండాలి.

బొబ్బిలి ఇక్కడికి దూరం కదా, గోదావరి పల్లెల్లో ఆ కథ అంత ప్రేమగా ఎందుకు వింటారు?

1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు బొబ్బిలి మట్టికోటను కూల్చాయి. కోటలోని వారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకుని, చివరిదాకా పోరాడి చచ్చారు. కత్తీ ఈటే పట్టిన పరువు ఒక వైపు, దూరం నుంచి పేలే ఫిరంగి ఒక వైపు. కథ చెప్పేవారు తంబుర మీటుతూ ఫిరంగి మోతను గుమ్మెట దరువులో వినిపిస్తే పందిట్లో పసిపిల్లలు ఉలిక్కిపడేవారు. తుపాకిమందు తెలుగు పాటలోకి, కథలోకి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ కథే చాలు.

ధవళేశ్వరం ఆనకట్ట రాయిని డైనమైటుతో పేల్చారా?

లేదు. ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847 నుంచి 1852 దాకా సాగింది. నోబెల్ డైనమైటుకు పేటెంటు పొందింది 1867లో. రాయి ధవళేశ్వరం కొండ నుంచే వచ్చింది. ఆ కాలంలో ప్రపంచంలో ఎక్కడైనా సరే, క్వారీలో కొండను పేల్చాలంటే తుపాకిమందే దిక్కు. యూరప్ గనుల్లో ఈ వాడకం 1627 నుంచీ ఉంది.

ఒకప్పుడు ఊళ్లలో తుపాకులు ఉండేవంటారు. ఏమైపోయాయి?

1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. జమీందార్లకు, కొందరు షికారీలకు తప్ప మిగిలినవారి చేతుల్లోంచి తుపాకి జారిపోయింది. ఊరివాడికి మందుతో మిగిలిన సంబంధం పండగే.

## దీపావళి, తీర్థాలు

దీపావళికి టపాకాయలు కాల్చడం శాస్త్రంలో ఉందా?

దీపం ఉంది, దివిటీ ఉంది. తుపాకిమందు ఈ దేశానికి రాకముందే దీపావళి ఉంది. పాత పద్ధతి ఇప్పటికీ గోదావరి ఇళ్లలో కనిపిస్తుంది. గోగుకాడలకు నూనెలో తడిపిన గుడ్డ ఒత్తులు కట్టి, సంధ్యవేళ పిల్లలు వెలిగించి తిప్పుతారు. కాడలు పారేసి, కాళ్లు కడుక్కుని, లోపలికి వెళ్లి తీపి తింటారు. టపాకాయల సంగతి ఆ తర్వాతే. డబ్బు లేని ఇంట కూడా పండగ లోటు లేకుండా జరిగేది ఈ గోగుకాడలతోనే.

నాగులచవితికి కూడా కాలుస్తారెందుకు?

కోస్తాలో వాడుక. దీపావళికి కొన్నవాటిలో కొన్ని దాచి, పుట్టలో పాలు పోసి వచ్చాక పిల్లలు కాలుస్తారు.

తీర్థాల్లో బాణసంచాకు అంత ప్రాధాన్యం ఎందుకు?

అంతర్వేదిలో మాఘమాసం స్వామి కల్యాణం, కనుమనాడు అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు. దేవుడు కదిలాడన్న కబురు దూరానికి తెలియాలి. మైకులు లేని రోజుల్లో చేల మీదుగా నాలుగు ఊళ్లకు వినిపించేవి డప్పు, గట్టిగా పేలే ఔటు మాత్రమే. ప్రభ (దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే అలంకరించిన కట్టడం) కౌశిక కాలువలోకి దిగే వేళ మోసేవారి భుజాలకు ఊపు ఇచ్చేదీ ఆ మోతే. ఏ ఊరి మందు బాగా కాలిందన్న పంతం కూడా ఉండేది. పంతం మంచిదే, అప్పు చేసి కాల్చడమే కూడదు.

మా తాతల కాలంలో ఊళ్లోనే చేసేవారట. ఎలా ఉండేది ఆ పని?

ఊరికి దూరంగా, చేల మధ్య తాటాకు పాక. పేలితే కప్పు ఎగిరిపోవాలి కానీ గోడలు మీద పడకూడదన్నది లెక్క. ఇనుము తగిలితే రవ్వ లేస్తుంది కాబట్టి రోకలి, గరిటె, దట్టించే పుల్ల అన్నీ కర్రవే. పాత కాగితాన్ని మైదా జిగురుతో కర్ర చుట్టూ చుట్టి గొట్టాలు చేసి నీడన ఆరబెట్టేవారు. తాటాకును ముక్కోణంగా మడిచి టపాకాయ కట్టడం ఎక్కువగా ఆడవాళ్ల చేతిపని. చిచ్చుబుడ్డికి మట్టిబుడ్డి కుమ్మరి ఇచ్చేవాడు, అందులో పడే బీడురజను (పోత ఇనుప పొడి) లోహపు పని జరిగే చోటు నుంచి వచ్చేది. చెట్టులా లేచే ఆ బంగారు రవ్వలు మండుతున్న ఇనుప నలుసులే. సాయంత్రానికి పనివాళ్ల గోళ్ల సందుల్లో బొగ్గు, గంధకం కలిసిన నలుపు. ఎంత తోమినా పోదు. పండగ రోజున ఆకాశం వైపు చూసే మనకు ఆ చేతులు కనిపించవు.

పాతకాలపు బాణసంచాలో ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఉండేవా?

ఉండేవి కావు. ఉత్త తుపాకిమందుకు వచ్చేవి బంగారు, నారింజ, తెలుపు ఛాయలే. 19వ శతాబ్దంలో పొటాషియం క్లోరేటు వాడకం వచ్చాక అసలు రంగులు పుట్టాయి. ఎరుపు స్ట్రాన్షియంతో, ఆకుపచ్చ బేరియంతో, నీలం రాగితో.

## నేటి సందేహాలు

కొద్దిగా ఇంట్లో చేసుకుంటే తప్పేమిటి?

నేరం, ప్రాణాంతకం. 1884 పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా తయారీ, నిల్వ కుదరవు. వీడియో చూసి పిల్లలు మందు కలిపే ప్రయత్నం చేస్తుంటే ఆపండి, కోప్పడినా ఫరవాలేదు.

లైసెన్సున్న చోట కూడా ప్రమాదాలు జరుగుతున్నాయి కదా?

జరుగుతున్నాయి. 2025 అక్టోబరులో కోనసీమ జిల్లా రాయవరం మండలంలో బాణసంచా కేంద్రం పేలి కార్మికులు చనిపోయారు. పండగ ముందు ఆర్డర్లు ఎక్కువై ఒకే గదిలో ఎక్కువమంది కూర్చోవడం, కలిపిన మందును కుప్పగా ఉంచడం, రాపిడికే అంటుకునే మిశ్రమాలు వాడడం ఎక్కడైనా ప్రమాదాన్ని పెంచుతాయి. క్లోరేటును గంధకంతో కలపడాన్ని 1992లోనే నిషేధించారు. రోజుకూలీకి వచ్చే పేద స్త్రీలే ముందు పోతున్నారు. తీర్థం కమిటీలు సరుకు కొనేటప్పుడు ధర ఒక్కటే కాదు, లైసెన్సు, పని జరిగే చోటు అడిగి చూడాలని నా మనవి.

ఏ వేళల్లో కాల్చవచ్చు?

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోత టపాకాయలు కాల్చకూడదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 తీర్పు దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకా సమయం ఇచ్చింది, బేరియం వాడకాన్నీ, సీరియల్ టపాకాయలనూ ఆపింది. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే టపాకాయలకు అనుమతి లేదు. ఆ ఏటి స్థానిక ఆదేశాలు కూడా చూసుకోవాలి.

వానకు తడిసిన, వెలిగించినా పేలని టపాకాయలను ఏం చేయాలి?

మన వైపు దీపావళి తుపానుల కాలంలో వస్తుంది కాబట్టి ఇది ఏటా ఎదురయ్యేదే. పొయ్యి దగ్గరో, హీటరు మీదో ఆరబెట్టవద్దు. పేలని దాని మీదికి వంగి చూడవద్దు, మళ్లీ వెలిగించవద్దు. కాసేపు దూరంగా ఉండి, తర్వాత నీళ్లు పోసి, బకెట్టు నీళ్లలో రాత్రంతా నాననివ్వండి. వాటిని విప్పి లోపలి మందును కుప్ప చేసి కాల్చే ఆట పిల్లల చూపు పోగొడుతుంది. చేయి కాలితే ధారగా పడే చల్లని కుళాయి నీటి కింద 20 నిమిషాలు పెట్టండి. పేస్టు, సిరా, పసుపు రాయవద్దు. కంట్లో నలుసు పడితే నలపకుండా వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.